నలుగురూ కలిసి ఒక్క అడుగు

సమూజ్ మాస్టర్ చేసిన తప్పల్లా ఒక పెళ్లికి సాయం చెయ్యడం. ఆ సంగతి నసారాలో ఎవరూ ఆయన మొహం మీద అనరు, ఆయన భార్య సుఖ్‌రాజీ తప్ప.

మాస్టర్ అసలు పేరు రామ్‌సమూజ్. తాతలు మన దేశం నుంచి ఆ దీవికి చెరకు కూలీలుగా వచ్చినవాళ్లు, ఆయనది చెరకు రైలు నడిపే ఉద్యోగం. కోతల కాలంలో తెల్లారకుండానే ఇంజనెక్కి, చేలల్లోంచి చెరకు బళ్లను లాక్కుంటూ వెళ్లి మిల్లు గేటు దగ్గర వదిలి వచ్చేవాడు. సాయంత్రం నాలుగు దాటితే మాత్రం ఆయన నసారా రోవర్స్ ఫుట్‌బాల్ జట్టుకు మాస్టర్. పందొమ్మిదేళ్లుగా అంతే. ఇంట్లో రోటీ చల్లారిపోయినా, ఇంజను నూనె చేతులకు అలాగే ఉన్నా, నాలుగున్నరకు మైదానంలో ఉండేవాడు.

ఆయన ఆటకు ఒక పద్ధతుంది. పట్టాల మీద రెండు బళ్ల మధ్య ఎడం చూసుకుంటూ బతికినవాడికి రావలసిన పద్ధతే. "ఆటంటే బంతి కాదురా, ఖాళీ," అనేవాడు. "మన ముందరున్నవాడికీ వెనకున్నవాడికీ నడుమ ముప్పై అడుగులు దాటి ఎడం వచ్చిందా, అవతలివాడు అందులో కాపురం పెడతాడు." అందుకే ఆయన జట్టులో వెనక కాపలా కాసే నలుగురు గోలు ముందు నిలబడేవారు కాదు. దాదాపు మైదానం నడుమ దాకా వచ్చేసేవారు. అవతలి జట్టు బంతిని ముందుకు తన్నబోయే క్షణాన ఆ నలుగురూ కలిసి ఒక్క అడుగు ముందుకు వేసేవారు. దాంతో అవతలి కుర్రాళ్లు వీళ్ల వెనక చిక్కుబడిపోయేవారు. అలా చిక్కినవాడికి బంతి అందినా చెల్లదు, ఆఫ్‌సైడని రెఫరీ విజిల్ ఊదుతాడు. కాని నలుగురిలో ఒక్కడు ఆ అడుగు వెయ్యకపోతే అంతా చెల్లుతుంది. ఇక అవతలివాడికీ గోలుకీ మధ్య మిగిలేది గోల్‌కీపర్ ఒక్కడే.

ఆ అడుగు ఎప్పుడు వెయ్యాలో చెప్పే గొంతు విలికేసాది. రాళ్ల క్వారీలో మందుగుండు పేల్చే ముందు కేకవేసి జనాన్ని దూరం పంపేది అతనే. మైదానంలో "ముందుకి!" అన్నాడంటే అవతల గట్టు మీద మేస్తున్న ఆవులు కూడా తలెత్తేవి. అతని పక్కన ఎడమ చివర సెతారేకి ఆడేవాడు. ఇరవై రెండేళ్లు, చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో లేని ఎడమకాలు. కుడికాలు మాత్రం నిలబడడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఆ సెతారేకి రాజధాని సువా వెళ్లి కాపలా ఉద్యోగం చూసుకుంటానన్నాడని తెలిసి మాస్టర్‌కు అన్నం సయించలేదు. సరిగ్గా అప్పుడే కుర్రాడికి లితియా మీద మనసుందని చెవిన పడింది. ఇక ఆగుతాడా? వాళ్ల ఆచారం ప్రకారం పిల్లనడగడానికి వెళ్లేవాళ్లు తిమింగలం పన్ను పట్టుకెళ్లాలి. సెతారేకి ఇంట్లో అది లేదు. మాస్టరే మూడు ఊళ్లు తిరిగి, ఒక పాత స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చిపెట్టాడు. చాపలూ కర్రపెండలం బస్తాలూ మొయ్యడానికి లారీ మాట్లాడాడు. పెళ్లిలో కొబ్బరిపాలలో ఉడికిన చేప రెండుసార్లు వడ్డించుకుని, "ఇక వీడెక్కడికీ పోడు," అని అందరికీ చెప్పుకున్నాడు.

లితియా ఎవరనుకున్నారు? విలికేసా సొంత అన్న కూతురు.

విలికేసావాళ్లు ఆ దీవిలో మొదటినుంచీ ఉన్నవాళ్లు. వాళ్లలో అన్న కూతురంటే సొంత కూతురే, మనకు మల్లేనే. కూతుర్ని చేసుకున్నవాడు అల్లుడు. అక్కడ మామా అల్లుళ్లు నేరుగా మాట్లాడుకోరు. దారిలో ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకుంటారు. అల్లుడి ముందు మామ గొంతెత్తడం, అల్లుడికి ఇది చెయ్యి అది చెయ్యి అని పురమాయించడం అన్న మాటే లేదు. అది కోపం కాదు, మర్యాద. యాభై నాలుగేళ్లు వాళ్ల మధ్యే బతికిన మాస్టర్‌కు ఇది తెలియదా అంటే, ఎందుకు తెలియదు? వాళ్ల ఇళ్లలో చాప మీద ఎవరు ఎటు తిరిగి కూర్చుంటారో కళ్లు మూసుకుని చెప్పగలడు. కాని మైదానంలోకి వచ్చేసరికి ఆయనకు వాళ్లు మనుషులుగా కనపడరు, చొక్కాల మీది అంకెలుగా కనపడతారు. అయిదో అంకెకూ మూడో అంకెకూ చుట్టరికం కలుస్తోందని ఆయనకు తట్టనే లేదు.

పెళ్లయ్యాక మొదటి మంగళవారం సాధన ఆటకు దిగారు. అవతలి నుంచి బంతి లేచింది. విలికేసా నోరు తెరిచి, మూసుకున్నాడు. తను మాత్రం అడుగు ముందుకేశాడు. అతని కుడిపక్క ఆడే మనాసా చూసి వేశాడు, ఆ చివర ఉన్నవాడూ వేశాడు. సెతారేకి ఉన్నచోటే ఉండిపోయాడు. గోలు పడింది.

"ఏరా, గొంతు పోయిందా?" అన్నాడు మాస్టర్.

విలికేసా గడ్డి వైపు చూశాడు. మనాసా అతనికి బావ వరస. బావలకు అక్కడ ఎంత వెక్కిరింతైనా చెల్లుతుంది. "మా బావ గొంతు పెళ్లిలో పిల్లతో పాటు పంపేశాడు మాస్టర్. చాపలో చుట్టి ఇచ్చారు, నేను చూశాను," అన్నాడు.

అందరూ నవ్వారు. మాస్టర్ నవ్వు సగంలో ఆగిపోయింది. అప్పటికి గాని ఆయనకు వెలగలేదు. అక్కడే గడ్డి మీద కూలబడ్డాడు.

కాసేపటికి విలికేసాను పక్కకు తీసుకెళ్లి బతిమాలాడు. "వాడితో మాట్లాడకురా. గాలితో మాట్లాడు. మనాసాతో అన్నట్టు అను."

"వాడి పక్కన నిలబడి అరిస్తే, గాలితో అన్నా వాడితో అన్నట్టే మాస్టర్. మా అన్న మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? రేపు మా పిల్ల ఆ ఇంట్లో ఎలా తిరుగుతుంది?"

"మరి శనివారం ఏం చెయ్యమంటావు నన్ను?"

"అదే నేనూ మిమ్మల్ని అడుగుదామనుకున్నాను."

శనివారం టౌన్ స్టార్స్‌తో ఆఖరి ఆట. ఓడకుండా ఉంటే చాలు, రోవర్స్ పెద్ద లీగులో నిలుస్తారు. ఓడితే కింది లీగుకు పోతారు. ఒక్క లీగే అయితే మాస్టర్ ఓర్చుకునేవాడు. క్లబ్బు సెక్రటరీ పెరుమాళ్ గౌండర్‌కు ఈ అడుగులూ ఎడాలూ మొదటినుంచీ గిట్టవు. "వెనకున్నోళ్లు గోలు ముందు గోడలా నిలబడాలి, బంతి దొరికితే ఆకాశంలోకి తన్నాలి. కింది లీగుకు పోయామంటే వచ్చే ఏడాది మా పద్ధతే," అని కమిటీ ముందు చెప్పేసి ఉన్నాడు. అంటే శనివారం ఓడితే పందొమ్మిదేళ్ల ఆట పోతుంది.

బుధ, గురువారాల్లో మాస్టర్ చెయ్యని ప్రయత్నం లేదు. కేక మనాసా చేత వేయించాడు. మనాసాకు నోరు ముందు పరిగెడుతుంది, కన్ను తర్వాత వస్తుంది. ఒకసారి బంతి కదలక ముందే అరిచాడు, ఒకసారి గోలు పడ్డాక. గోల్‌కీపర్‌ను అరవమంటే అతను మరీ వెనకున్నాడు. కేక చేరేలోపల అవతలివాడు దాటిపోతున్నాడు. విలికేసా కాళ్లు చూసి అడుగెయ్యమని సెతారేకికి చెబితే, వాడు ఆ కాళ్లే చూస్తూ తను కాయాల్సినవాణ్ణి వదిలేశాడు. వాణ్ణి పక్కన పెడదామంటే ఎడమకాలివాడు ఇంకొకడు లేడు. పైగా పెళ్లి చేసుకున్న పాపానికి కూర్చోబెట్టారంటే సగం జట్టు వాడి ఊరిదే, వాళ్లూ కూర్చుంటారు.

శుక్రవారం, పెద్దల్ని ఏదైనా అడగబోయేవాళ్లు పట్టుకెళ్లే యాంగోనా వేళ్ల కట్ట ఒకటి చంకన పెట్టుకుని ఆ ఊరి పెద్ద ఇలైతియా ఇంటికి వెళ్లాడు. కట్ట ముందు పెట్టి, చాప మీద బాసింపట్టు వేసుకుని, రావలసిన మాటలన్నీ పద్ధతిగా చెప్పాడు. వేళ్లు దంచి నీళ్లలో పిసికారు. అందరూ చప్పట్లు కొట్టుకుంటూ కొబ్బరిచిప్పతో తాగారు. అప్పుడు అడిగాడు, రేపు ఆటసేపు ఆ మామా అల్లుళ్లకు ఈ కట్టుబాటు సడలించమని.

"ఎంతసేపు?" అన్నాడు ముసలాయన.

"తొంభై నిమిషాలే తాతా."

"తొంభై ఒకటో నిమిషాన ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటారు?"

మాస్టర్ ఖాళీ కొబ్బరిచిప్పను చాప మీద పెట్టాడు.

"నువ్వు వేరు తెచ్చావు, నేను తాగాను. కాదనడం నాకూ కష్టంగానే ఉంది. నా చేను అడుగు, ఇస్తాను. నా మనవల్ని అడుగు, నీ వెంట పంపిస్తాను. ఇది నాది కాదు నాయనా, నా ముందువాళ్లది. వాళ్లను అడగాలంటే నేనింకా పోలేదు," అని నోరంతా తెరిచి నవ్వాడు ఇలైతియా. నవ్వు ఆపి, "బెంగపడకు. రేపు ఊరు ఊరంతా వస్తాం. గొంతులు చించుకుని అరుస్తాం," అన్నాడు.

"మీరలా అరిస్తే మావాళ్లకు ఇంకేమీ వినపడదు తాతా," అన్నాడు మాస్టర్.

వాళ్లు దానికీ నవ్వారు. ఆయన తమాషాకు అనలేదు.

శనివారం మొదటి సగంలో అదృష్టం కలిసొచ్చింది. సెతారేకి ఆడే ఎడమ పక్క మాస్టర్ కూర్చునే బెంచీ వైపు పడింది. ఆయన గీత దాకా వచ్చి విలికేసా భుజాల మీదే కళ్లు పెట్టాడు. ఆ భుజం ముందుకు వంగిందో లేదో, "సెతా, ముందుకి!" అని తనే కేక వేశాడు. విలికేసా అడుగూ సెతారేకి అడుగూ కలిశాయి. అయిదుసార్లు టౌన్ స్టార్స్ కుర్రాళ్లు ఆఫ్‌సైడులో చిక్కారు. నలభై అయిదు నిమిషాలయ్యేసరికి ఎవరికీ గోలు లేదు, మాస్టర్‌కు గొంతు లేదు.

విరామంలో గౌండర్ నీళ్ల సీసా అందిస్తూ మెల్లగా అన్నాడు. "ఇప్పుడు పక్కలు మారతాయి మాస్టర్. ఆ కుర్రాడు అవతలి చివరికి పోతాడు. మీ గొంతు అక్కడిదాకా పోదు. నా మాట వినండి, నలుగుర్నీ గోలు ముందు నిలబెట్టేయండి."

"వాళ్లకు రాదండీ."

"నిలబడడం రాకపోవడమేంటి మాస్టర్?"

"నేను నేర్పలేదు," అన్నాడు ఆయన. నిజమే. గోలు ముందు గుంపుగా నిలబడి ఎవరు ఎవరిని పట్టాలో, బంతి ఎటు కొట్టాలో ఒక్క సాయంత్రమైనా చెప్పలేదు. అది ఆటే కాదనుకున్నాడు. ఇప్పుడు చెబుదామంటే విజిల్ ఊదేశారు.

రెండో సగం మొదలైంది. సెతారేకి మైదానానికి అవతలి అంచున, మాస్టర్‌కు బొటనవేలంత కనపడుతున్నాడు. గట్టు మీద ఇలైతియా ఊరు మొత్తం డబ్బాలు వాయిస్తూ పాడుతోంది. మాస్టర్ అరిచాడు. తువ్వాలు ఊపాడు. ఊపొద్దని రెఫరీ వచ్చి చెప్పి వెళ్లాడు. ఇక చేతులు కట్టుకుని చూడడం తప్ప చెయ్యడానికి ఏమీ లేదు.

అలా ముప్పై మూడు నిమిషాలు గడిచాయి. అప్పుడు టౌన్ స్టార్స్‌వాడు నడుమ నుంచి బంతిని లేపబోతూ కాలు వెనక్కి తీశాడు. మాస్టర్‌కు అంతా ముందే కనపడిపోయింది. విలికేసా అడుగేశాడు. మనాసా వేశాడు. సెతారేకి కళ్లు బంతి మీదున్నాయి. విలికేసా తల వాడి వైపు తిరిగింది. నోరు తెరుచుకుంది, మెడ నరాలు ఉబ్బాయి. ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు. నోరు అలాగే తెరుచుకుని ఉండగా బంతి అతని తల మీదుగా వెళ్లింది. దాని వెనకే పరిగెత్తినవాడు నింపాదిగా ఒకసారి ఆపుకుని మరీ గోల్లో పెట్టాడు. ఆఫ్‌సైడు చూపే లైన్‌మన్ జెండా లేవలేదు.

రోవర్స్ ఒక్క గోలుతో ఓడారు.

సెతారేకి చొక్కా మొహం మీదికి లాక్కుని గడ్డిలో కూర్చున్నాడు. విలికేసా వాడికి వీపు పెట్టి నిలబడ్డాడు. మాస్టర్ ఇద్దరి మధ్యకు వెళ్లాడు. ఎవర్నైనా తిడితే కడుపు మంట చల్లారేది. ఎవర్ని తిడతాడు? కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. పెద్దవాడు చెప్పకూడదు. ఇద్దరి భుజాల మీదా చెరో చెయ్యి వేసి తీసేశాడు.

ఇంటికొస్తే సుఖ్‌రాజీ కాళ్లకు వేణ్ణీళ్లు పెట్టింది. పెట్టి ఊరుకుంటుందా? "నా తమ్ముడి పెళ్లికి సెలవు దొరకలేదన్నావు. ఆ సెతారేకి పెళ్లికి తిమింగలం పన్ను మోసుకొచ్చావు," అంది.

"వాణ్ణి ఉంచుకుందామనే కదే."

"ఉన్నాడుగా మరి! వాడు ఎక్కడికీ పోలేదు, నీ ఆటే పోయింది." అనేశాక ఆయన మొహం చూసి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట మళ్లీ ఆ మాటెత్తలేదు.

కమిటీలో ఆయన్ను తీసేస్తారని బజారంతా అనుకున్నారు. గౌండర్ అంత మాట రానివ్వలేదు. "మీరే ఉండండి మాస్టర్. మీలా రోజూ వచ్చేవాడు మాకెక్కడ దొరుకుతాడు? కాకపోతే పద్ధతి మార్చండి," అన్నాడు. సమూజ్ మానేసేవాడే. మానేసి సాయంత్రం నాలుగున్నరకు ఎక్కడికెళ్తాడు? సరేనన్నాడు.

మరుసటి వారం నలుగురినీ గోలు ముందుకు తెచ్చాడు. "వెనక్కి," అన్నాడు. "ఇంకొంచెం వెనక్కి. ఊఁ, అక్కడే ఉండండి." నలుగురూ వెళ్లి నిలబడ్డారు. ఆ పద్ధతిలో కలిసి అడుగెయ్యక్కర్లేదు, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎవరి చోటు వాళ్లది. విలికేసా భుజాలు చాలా రోజుల తర్వాత వదులయ్యాయి. మనాసా పక్కనుంచి ఏదో వెక్కిరిస్తే నవ్వాడు కూడా. సెతారేకి దగ్గరికి బంతి రాగానే ఆ బంగారపు ఎడమకాలితో చెరకు తోటల మీదికి ఎత్తి తన్నాడు.

"బాగుందా మాస్టర్?" అని అరిచాడు.

"బాగుందిరా," అన్నాడు సమూజ్. మైదానం నడుమంతా ఖాళీగా పడి ఉంది. దాని వైపు చూడకుండా బంతి తేవడానికి తోటలోకి నడిచాడు.