దుప్పి నోట్లో నా పరువు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, జువాలజీ డిగ్రీ, గంజి పెట్టిన ఖాకీ యూనిఫాం, ట్రైనింగులో రాసుకున్న లావుపాటి నోట్సు. ఇన్ని ఉన్న మనిషికి తెలియనిది ఏముంటుంది? (ఇప్పుడు నలభైకి దగ్గర పడుతుంటే, తెలిసినవి వేళ్ళ మీద లెక్క పెట్టుకోవచ్చు.) మాది దర్శి. మా ఇంట్లో ఎవరూ బల్లిని మించిన అడవి జంతువును చూసి ఎరగరు. గిద్దలూరు వైపు అడవిలో నాకు బీట్ ఆఫీసరు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మా అమ్మ "ఆడపిల్లకు అడివిలో ఉద్యోగమేందే, పులి వస్తే ఏం చేస్తావే?" అని ఏడుపు మొదలుపెట్టింది. మా నాయన మాత్రం "గవర్నమెంటు వాళ్ళ జోలికి పులి రాదులే" అని తేల్చేశాడు. ఆ ధైర్యంతోనే వెళ్ళి చేరిపోయాను.

మా రేంజ్ ఆఫీసరును అందరూ చాటున గడుల సారు అనేవాళ్ళు. ఫారంలో ఒక్క గడి ఖాళీగా కనబడితే ఆయనకు అన్నం సహించేది కాదు. ఒకసారి చచ్చిన కొండచిలువ మీద రిపోర్టు రాస్తూ 'కొమ్ములు' అన్న గడి వదిలేశాను. నన్ను ఆఫీసుకు పిలిపించి, 'లేవు' అని రాయించి, పక్కన సంతకం పెట్టించి పంపాడు. అడవిలో నాకు తోడు మాత్రం ఒక చెంచు తాత. పక్కనే ఉన్న గూడెం మనిషి, మా దగ్గర వాచరు. ఏడాదికోసారి పైనుంచి ఆర్డరు వస్తేనే ఆయన పని నిలిచేది. ఆయనా, ఆయన ముసలామే ఆ జీతం మీదే బతికేవాళ్ళు. నాకు దారి తెలియదని తాత ఏనాడూ అనలేదు. నేను ఠీవిగా తప్పుదారిలో నడుస్తుంటే వెనక నిలబడి దగ్గేవాడు, అంతే. నేను గౌరవంగా వెనక్కి తిరిగేదాన్ని.

మంచి ఎండాకాలంలో ఒక ఉదయం, గూడెం దగ్గర వాగులో ఆడ దుప్పి చచ్చిపడి ఉందని కబురొచ్చింది. నీళ్ళ కోసం వచ్చిన దాన్ని ఊరకుక్కలు తరిమితే గట్టు మీద నుంచి పడి మెడ విరిగిందట. నేనూ తాతా వెళ్ళేసరికి అప్పటికే నలుగురు చేరారు. అందులో మందను నీళ్ళకు తోలుకొచ్చిన గొర్రెల పెద్దనాయన ఒకడు. మార్కాపురం నుంచి పశువుల డాక్టరు, ఆయనతో పాటు గడుల సారు బయలుదేరారని ఫోనొచ్చింది. వాళ్ళొచ్చేలోగా ఫారం మొత్తం నింపేసి శభాష్ అనిపించుకోవాలని నా ఆశ. అన్ని గడులూ నిండాయి, వయసు దగ్గర ఆగిపోయాను. మగదైతే కొమ్ములు చూసి ఏదో ఒకటి చెప్పవచ్చు. దీనికి పళ్ళే దిక్కు. నోట్సు తీసి, రుమాలు కట్టుకుని, దుప్పి పై పెదవి ఎత్తి చూశాను. ముందు పై వరుసలో ఒక్క పన్ను లేదు!

నాకు జ్ఞానోదయమైంది. 'సుమారు 15 సంవత్సరములు. వార్ధక్యము వలన పై వరుస దంతములన్నియు రాలిపోయినవి' అని రాసి, నలుగురికీ వినబడేలా చదివాను. వెనక తాత దగ్గాడు.

"ఏంది తాతా?"

"ఏం లేదమ్మా, దుమ్ము."

గొర్రెల పెద్దనాయన ఊరుకోలేదు. ఒక పిల్లగొర్రెను చంకన పెట్టుకుని వచ్చి దాని పెదవి ఎత్తి నాకు చూపించాడు. "ఇదిగో మేడం, దీనికీ పైన పళ్ళు లేవు. ఉగాదికి పుట్టినాది. మీ లెక్కన మా మంద మందంతా పుట్టుకతోనే ముసిలి!" అన్నాడు. వాగు వాగంతా నవ్వింది. నెమరువేసే జంతువులకు ముందు పై పళ్ళు ఉండవని డిగ్రీలో నాలుగు మార్కుల ప్రశ్నకు రాసి, నాలుగు మార్కులూ తెచ్చుకున్నదాన్నే నేను! ఆ జవాబు పరీక్ష పేపర్లోనే ఉండిపోయింది, నాతో గిద్దలూరు రాలేదు. రాసినదంతా గీకేయడం మొదలుపెట్టాను. ఆ తొందరలో '15' ఒక్కటి మిగిలిపోయింది.

పెద్దనాయన జాలిపడి పాఠం చెప్పాడు. "కింద పళ్ళు చూడాలమ్మా. పాలపళ్ళు పోయి పెద్ద పళ్ళు రెండు వస్తే రెండు పళ్ళది అంటాం. ఆనక నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆఖరున కడపళ్ళు. అంతవరకూ గొర్రె వయసు నెలతో సహా చెప్తా. కడపళ్ళు గూడా వచ్చినాక ఇంగ ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఉజ్జాయింపే. ఈ దుప్పికి కడపళ్ళు ఎప్పుడో వచ్చినాయి. మూడేండ్లయినా కావచ్చు, ఎనిమిదైనా కావచ్చు." నేను తాత వైపు చూశాను. "నాకేం తెలుసమ్మా, నేనేమన్నా చదువుకున్నానా?" అని ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఇంతలో జీపు వచ్చింది. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని, దుప్పి నోరు తెరిచి, లోపలి దవడపళ్ళు తుడిచి, టార్చి వేసి చాలాసేపు చూశాడు. "నాలుగు నుంచి ఏడేళ్ళు వేసుకోండి సార్. రాళ్ళ నేలలో మేసే దానికి మట్టి వల్ల పళ్ళు త్వరగా అరుగుతాయి. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అవుతుంది" అన్నాడు. గడుల సారు మొహం మాడిపోయింది. "గడిలో ఒక్క అంకె పడుతుంది డాక్టర్ గారూ. 'నుంచి' పట్టదు" అన్నాడు. తర్వాత నా చేతిలో కాగితం చూశాడు. "ఈ పదిహేను ఎవరు రాసింది? నువ్వేనా? నీ ప్రొబేషన్ ఇంకా అయిపోలేదు గదా?"

అప్పుడు వెనక నుంచి తాత అన్నాడు. "నాలుగేండ్లు సార్. వానలు పడితే అయిదు వస్తది."

అందరం తిరిగి చూశాం. గడుల సారు కళ్ళు చిన్నవి చేశాడు. "డాక్టరుకే తెలియంది నీకెట్ల తెలుసు? ఇంతవరకు ఎన్ని దుప్పుల నోళ్ళు చూసినావు? వేటగాళ్ళకు గానీ ఇంత కచ్చితంగా తెలియదు. ఇట్లాంటోన్నా మనం వాచరుగా పెట్టుకుంది?"

తాత నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నన్ను కాపాడబోయి ఆయన తన కూడు పోగొట్టుకుంటున్నాడని నాకు అర్థమైంది. నోరు తెరిచాను. "నేనే చెప్పాను సార్ తాతకు. నోట్సు చూసి నాలుగని లెక్క కట్టాను. పదిహేను అన్నది వయసు కాదు. బాట నుంచి ఇక్కడికి దూరం సార్, మీటర్లలో. గడి మారింది."

గడి మారింది! ఆ మాటకు సారు కణతలు పట్టుకున్నాడు. వేటగాడి సంగతి, ప్రొబేషన్ సంగతి గాలికి పోయాయి. ఒకదాని గడిలో ఇంకొకటి రాస్తే రికార్డు ఏమవుతుందో, రికార్డు చెడితే దేశం ఏమవుతుందో ఎర్రటి ఎండలో అరగంట చెప్పాడు. నేను తల వంచుకుని మహదానందంగా విన్నాను. చివరకు కొత్త ఫారం ఇచ్చి దగ్గరుండి రాయించాడు. వయసు: నాలుగు సంవత్సరములు. "నిర్ధారించిన విధానం అని ఇంకో గడి ఉంది, అదీ రాయి" అన్నాడు. పళ్ళను బట్టి, అని రాశాను. నాలుగు తన లెక్కలోదే కాబట్టి డాక్టరు నవ్వి సంతకం పెట్టాడు.

దుప్పి కళేబరాన్ని కాల్చేసి అందరూ వెళ్ళాక, నేనూ తాతా గట్టు మీద కూర్చున్నాం. "నిజం చెప్పు తాతా. వయసులో ఉన్నప్పుడు వేటాడినావు కదా? పళ్ళు చూసి అంత కరెక్టుగా ఎట్ల చెప్పినావు?" అని అడిగాను.

"మా నాయన కాలంలో ఆడినాం, లేదనను. అప్పుడు ఆకలి చూసినాం గానీ పళ్ళు ఎవరు చూసినారమ్మా?" అన్నాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "దీని చెవి చివర చీలిక చూసినావా? పిల్లప్పుడు కుక్క పట్టింది. తల్లి ఆడనే చచ్చిపోయె. మా ముసిల్ది ఎత్తుకొచ్చి మేకపాలు పట్టి సాకింది. ఏడాది మా గుడిసెలోనే పండుకుంది. ఇంట్లో పెట్టుకుంటే కేసని తెలుసు గానీ, ఇంత పిల్లను ఏడ పారేస్తాం? పెద్దదయినాక అడివిలో ఇడిసి వచ్చినా. నీళ్ళకు మాత్రం ఈ దారే పట్టేది." మళ్ళీ దగ్గు వచ్చింది ఆయనకు. "ఇప్పుడు ఇంటికి పోయి ముసిల్దానికి ఏమని చెప్పాల?"

పొద్దుటి నుంచి ఆ దుప్పి నోరు పట్టుకుని మేమంతా నవ్వుతూ ఉన్నాం. ఆయన వెనక నిలబడి ఉన్నాడు. నాకు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. యూనిఫాంలో ఏడవకూడదని నోట్సులో ఎక్కడా లేదు కాబట్టి ఏడ్చాను. తర్వాత ఇద్దరం కలిసే గూడేనికి వెళ్ళాం.

ఆ నాలుగేళ్ళ సంగతి ఎట్లా పాకిందో ఏమో, నాకు పళ్ళ మేడం అని పేరొచ్చింది. కొత్తగా చేరిన పిల్లలు కంభం నుంచీ దోర్నాల నుంచీ ఫోన్లు చేసి మరీ జంతువుల వయసు ఎట్లా కట్టాలని అడుగుతుంటారు. కడపళ్ళు వచ్చేదాకా ధైర్యంగా చెప్పండి, ఆపైన ఉజ్జాయింపని ఒప్పుకోండి, పై పెదవి జోలికి మాత్రం పోకండి, అని చెబుతుంటాను. తాత చివరిదాకా వాచరుగానే ఉండి, రెండేళ్ళ కిందట పోయాడు. కాబట్టి ఇప్పుడు చెప్పినా ఆయన మీద ఎవరూ కేసు పెట్టలేరు. మొన్న పాత ఫైళ్ళు సర్దుతుంటే ఆ ఫారం కనబడింది. ఇరవై మూడేళ్ళ పిల్ల గుండ్రటి అక్షరాలు, ఒక్క గడి ఖాళీ లేదు. పళ్ళను బట్టి, అన్న చోట మాత్రం నవ్వొచ్చి ఆగిపోయాను. అది తప్పు. పాలను బట్టి, అని ఉండాలి.