నాయన నిలబడిన చోటు

ల్యాప్‌టాప్ స్క్రీన్ ఏ రకమో కనుక్కోవడం పెద్ద విద్యేమీ కాదు. ఒకే బొమ్మను కూర్చుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి చూడాలి. రంగు మారకపోతే ఐపీఎస్. పాలిపోతే టీఎన్, అంటే చవక రకం. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. నాయన మగ్గం మీద కూర్చునేవాడు, నేను ల్యాప్‌టాప్‌లో చీరల డిజైన్లు వేసేదాన్ని. రంగుల విషయంలో మా వీధిలో నాయన మాటకు తిరుగులేదు. అద్దకం వాళ్లు కూడా పట్టు తెచ్చి ఆయనకు చూపించి పోయేవాళ్లు.

నేను సొంతంగా వేసిన మొదటి డిజైన్ చూడటానికి సావుకారు ఇంటికొచ్చాడు. మాకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునేది ఆయనే. ఆయన నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. సావుకారు ఎదుట కూర్చునే అలవాటు లేని నాయన మా వెనక నిలబడ్డాడు.

"అంచు వెలిసినట్టుండాదమ్మా. మిరపపండు రంగు ఇది గాదు" అన్నాడు నాయన.

నాకూ సావుకారుకూ నిండైన ఎరుపే కనిపిస్తోంది. సావుకారు నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మొదటి డిజైన్‌ను కన్నతండ్రే చెడగొడుతున్నాడని ఒళ్లు మండింది.

"నీ కండ్లు పోయినాయి నాయనా. ఇంగ రంగుల జోలికి రావొద్దు" అన్నాను.

ఆ చీరను సావుకారు వేరే మగ్గం మీద నేయించాడు. అంచు మిరపపండు రంగే వచ్చింది. దాంతో నాయన నా మాట పూర్తిగా నమ్మేశాడు. కళ్ల డాక్టరు ఏ లోపమూ లేదని చెప్పినా వినలేదు. డాక్టరుకు పట్టు రంగులేం తెలుసులే అని నేనూ అనుకున్నాను. నెల తిరక్కముందే ఆయన మగ్గం దిగి, ఆసుపత్రి ముందు బండ్ల స్టాండులో చీటీలిచ్చే పనికి కుదిరాడు.

పోయిన నెల కొత్త ల్యాప్‌టాప్ కోసం అనంతపురం వెళ్లాను. అంగడతను నా పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, ఆ డిజైన్‌నే రెండిట్లో తెరిచాడు. కూర్చుని చూస్తే పెద్ద తేడా లేదు. లేచి చూడమన్నాడు. లేచాను. పాతదాంట్లో ఎరుపు సున్నపునీళ్లు కలిపినట్టు వెలిసిపోయింది. ఆ రోజు నాయనకు కనిపించింది ఇదే. పట్టుబట్ట చేతికొస్తే అటూ ఇటూ వంచి రంగు చూడటం మా ఇంట్లో పసిపిల్లలకూ అలవాటే. స్క్రీన్‌ను వంచి చూడాలన్న బుద్ధి మాత్రం నాకు పుట్టలేదు. ఏమీ కొనకుండా బస్సెక్కి, దారి పొడవునా ఏడ్చాను.

ఇంటికొచ్చి నాయనను స్క్రీన్ ముందు కూర్చోబెట్టి చూపించాను, నిలబెట్టి చూపించాను. లోపం ఆయన కళ్లలో లేదని, నేనే పాపం చేశానని కాళ్లు పట్టుకుని చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నాడు. "పోనీలేమ్మా, నీకు మాత్రం ఏం తెలుసు" అన్నాడు. నాకు కాస్త ఊపిరాడింది. మగ్గం మళ్లీ బిగిద్దామన్నాను.

ఎదురింటి దండెం మీద వంకాయ రంగు చీర ఒకటి ఆరేసి ఉంది. ఆయన దానికేసి చూశాడు. తర్వాత, వంటింట్లో ఉన్న అమ్మకు వినబడకుండా గొంతు తగ్గించి నన్నడిగాడు.

"అది వంకాయ రంగే గదమ్మా?"