అరచేతి గుంటలో ఉప్పు

మా పెద్దమ్మ పోయింది. ఇంకా నెల కాలేదు. పొద్దున పొయ్యి మీద పప్పు వేసి, కాస్త ఆయాసంగా ఉందని వంటింటి గడపకు ఆనుకుని కూర్చుందట. మళ్లీ లేవలేదు. రాయపురం నుంచి మా ఆఫీసుకు కబురు తెచ్చిన మనిషి నా బల్ల ముందు నిలబడే ఉన్నాడు, నేను మాత్రం టైపు మిషనులో ఉన్న కాగితం పూర్తిచేసి మరీ లేచాను. ఎందుకలా చేశానో తెలియదు. ఇంట్లో అడుగుపెట్టి మొదట అడిగిన మాట కూడా "పప్పు దించారా?" అనే. చుట్టూ ఏడుస్తున్నవాళ్లు నా వైపు వింతగా చూశారు.

మీలో చాలామందికి ఆమె తెలుసు, తెలుసని మీకు తెలియకపోవచ్చు. ఈ అరవ పట్నంలో పెళ్లయిన తెలుగు పిల్ల కొత్త కాపురానికి పోతుంటే పెట్టెలో చీరల మధ్య పెట్టే ఆ పలచటి వంటల పుస్తకం ఉందే, నీలం అట్టది, అది మా పెద్దమ్మ చెప్పిందే. అట్ట మీద ఆమె పేరు లేదు. "ఒక గృహిణి" అని వేయించాడు మా పెదనాన్న. ఇంటి ఆడవాళ్ల పేరు అంగళ్లలో వేలాడకూడదని ఆయన పట్టుదల. పెద్దమ్మకు అదేమీ పట్టలేదు. పట్టిందో ఏమో, నాకు చెప్పలేదు.

ఆ ఇంట్లో ఉండి చదువుకున్నదాన్ని కాబట్టి రాసే పని నాకు పడింది. ఊరికే కూర్చుని చెప్పమంటే ఆమెకు ఒక్క మాట వచ్చేది కాదు. చేతిలో గరిటె ఉండాలి, ఎదురుగా కుంపటి మండాలి. నేను పీట మీద కూర్చుని, పొగకు కళ్లు తుడుచుకుంటూ రాసేదాన్ని.

"ఉప్పెంత పెద్దమ్మా?"

"ఇంత."

"ఇంత అంటే ఎట్ట రాసేది?"

ఆమె అరచెయ్యి చాపి చూపించేది. "ఇదో, ఈ గుంట నిండా. రాసుకో, పులుసు పొంగిపోతాండాది."

"అరచేతి గుంట నిండా ఉప్పు" అని రాశాను, అలాగే అచ్చయింది. రుచి చూసి సరిచూసుకోమని ఎక్కడా రాయలేదు. మా ఇంట్లో దేవుడికి చూపించకముందు మెతుకు కూడా నోట వేసుకోకూడదు. పులుసు మీది ఆవిరి వాసన చూసి ఉప్పు చాలిందో లేదో చెప్పేది పెద్దమ్మ. వంట అంటే అందరూ అలాగే చేస్తారని ఆమె అనుకుంది, నేనూ అనుకున్నాను.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన యేడు పుస్తకం అచ్చయింది. ఉద్యోగాలతో కర్నూలు పోయినవాళ్లు, గుంటూరు పోయినవాళ్లు దాన్ని వెంట తీసుకుపోయారు. అక్కడివాళ్లు తిని, ఇది అరవ వంట అన్నారట. మా పక్కింటి తమిళావిడ మాత్రం మీ తెలుగువాళ్లకు ఇంత కారం ఎందుకని అడిగేది. ఇంతకీ ఇది ఎవరి వంట అని పెద్దమ్మను అడిగాను.

"నాకేం తెలుసు మే. మా అత్త ఇట్ట చేసేది, నేను ఇట్ట చేస్తాండా. తినేవాళ్లదే వంట, ఇంకెవురిది?" అంది. నాకు ఏమీ తేలలేదు.

ఒకసారి పెరంబూరు రైల్వే క్వార్టర్సు నుంచి ఒకమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. తెనాలి పిల్ల, పొడగరి, కొత్తగా కాపురానికి వచ్చింది. "తల్లి లేనిదాన్నండీ, మీ పుస్తకమే నాకు వంట నేర్పింది. ఒక్కపూట మా ఇంట్లో భోంచెయ్యాలి" అని పెద్దమ్మ చేతులు పట్టుకుంది. పెదనాన్నకు చద్దన్నం మూతపెట్టి, ఆయన సణుగుతుంటే వినిపించుకోకుండా, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది పెద్దమ్మ. అలా ఆమె ఇల్లు వదిలి భోజనానికి వెళ్లడం నేను చూడటం అదే మొదలు.

ఒకటే గది ఇల్లు. ఆ అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి ఆకులు వేసింది. పులుసు పోసింది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, నా కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. పులుసా అది, ఉప్పు కషాయం! వడ్డిస్తున్న ఆ అమ్మాయి చెయ్యి చూస్తే అప్పుడర్థమైంది. మా పెద్దమ్మ చెయ్యి చిన్నపిల్ల చెయ్యంత ఉంటుంది. ఈమె అరచేతి గుంటలో అలాంటి గుంటలు రెండు పడతాయి. పుస్తకంలో లేదు కాబట్టి పాపం రుచీ చూడలేదు.

పెద్దమ్మ తలవంచుకుని తింటోంది. అంతా తిని, ఆకు ముందుకు జరిపి, "ఇంకొంచెం పొయ్యమ్మా" అంది. నేను మోచేత్తో పొడిచినా తిరిగి చూడలేదు. ఆ అమ్మాయి మురిసిపోయి గరిటెలతో పోసింది.

బస్సులో ఉండబట్టలేక అడిగాను. "ఎట్ట తిన్నావు పెద్దమ్మా దాన్ని?"

"ఏం, బాగుండిందే" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఇంటికి వచ్చాక మాత్రం సాయంకాలం దాకా మంచినీళ్ల కూజా వదల్లేదు. పుస్తకం మళ్లీ అచ్చుకు పోయినప్పుడు ఒకే ఒక్క మాట చేర్చమంది: "చెయ్యి పెద్దదైతే ఉప్పు తగ్గించుకోవలెను." రుచి చూడమని మాత్రం రాయనివ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పదో రోజున పోయినవాళ్లకు ఇష్టమైనది వండి ఆకులో పెట్టాలి కదా. ముందురోజు మా చిన్నత్త, అంటే పెదనాన్న చెల్లెలు, నన్ను పిలిచింది. "ఏమ్మే, ఈడ పెరిగినదానివి నువ్వే. మా వదినకు ఏమిష్టమో చెప్పు, సామాన్లు తెప్పిస్తా."

నీలం అట్ట పుస్తకం తీసి మొదటి నుంచీ తిరగేశాను. ఇది మామగారికి ఇష్టం, ఇది బాలింతకు మంచిది, ఇది బడినుంచి వచ్చిన పిల్లలకు. అన్నీ నేను రాసినవే. ఆమెకు ఇష్టమైనది ఒక్కటీ లేదు. అందరూ తిన్నాక ఆమె ఏం తినేదో గుర్తు తెచ్చుకోబోతే, మజ్జిగ కలుపుకున్న గిన్నె తప్ప ఏమీ కనిపించలేదు. పెదనాన్నను అడిగాం.

"ఆమెకా? నాకిష్టమైందంతా ఆమెకూ ఇష్టమే గదా" అన్నాడు. మా మొహాలు చూసి, "కాదా?" అన్నాడు మమ్మల్నే. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు.

పదో రోజు పొద్దున పెరంబూరు అమ్మాయి కబురు తెలిసి వచ్చింది. పెద్దమ్మ ఆమె ఇంట్లో పులుసు మళ్లీ పోయించుకుని తిన్న సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి, పులుసు ఈమె చేత చేయిద్దామన్నాను. చిన్నత్త ఒప్పుకోలేదు. "ఎవురో పరాయి పిల్ల. ఆ చేతి వంట ఆకులో ఎట్ట పెట్టేది?"

"పెట్టనీ" అన్నాడు పెదనాన్న. "నేను జన్మంతా ఆమె చేతి వంట తిన్నా. ఆమెకు ఎవురన్నా వండి పెట్టినారా అని ఒకనాడన్నా అడిగినానా?"

ఆ అమ్మాయి తలస్నానం చేసి తడిబట్టతో పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుంది. చింతపండు పిసికింది. ముక్కలు ఉడికాయి. ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. ఇప్పుడు రుచి చూడకూడదని ఆమెకూ తెలుసు.

"అక్కా, ఆ రోజు చాలా ఉప్పైందని నాకు తర్వాత తెలిసిందండీ" అంది, ఏడుపు ఆపుకుంటూ. "ఇప్పుడు ఎంత వెయ్యను?"

పెద్దమ్మకు నచ్చింది ఆ పులుసా, ఎదురుగా నిలబడి ఎవరో వడ్డించడమా, లేక ఆ పిల్ల మనసు నొప్పించలేక తినేసిందా? అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అడుగుదామంటే మనిషి లేదు.

"ఆ రోజు వేసినంతే వెయ్యి" అన్నాను.

ఆ పెద్ద అరచెయ్యి, గుంట నిండా తెల్లటి ఉప్పుతో, పులుసు ఆవిరి మీద కాసేపు అలాగే నిలిచింది. తర్వాత మెల్లగా వంగింది.