పలక రాయి మీద చెప్పని మాట

దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా, అమ్మా. ఆ చాప ఇటు లాక్కోండి, అందరికీ సరిపోతుంది. పొద్దున పడిన వానకు మా గుమ్మం ముందున్న పలక రాయి తడిసింది. తడిసిన పలక రాయి వాసన మీకు తెలుసో లేదో. బడిపిల్ల తన పలకను తడిగుడ్డతో తుడిచినప్పుడు వచ్చే వాసనే అది, కాకపోతే ఇంకాస్త చల్లగా, మట్టి కలిసినట్టుగా ఉంటుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, కరుణమ్మ టీచరు నా కళ్ళ ముందుకు వచ్చి నిలబడతారు. ముతక తెల్లచీర, చేతివేళ్ళకు సుద్దపొడి, ఎవరు మాట్లాడినా తల కొంచెం పక్కకు వంచి వినే తీరు. మీరెవరూ ఆమెను చూడలేదు. నాకు మూడో తరగతి చదువు కూడా పూర్తిగా లేదు గనుక, నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. "కూచోని చెప్పు అవ్వా, మోకాళ్ళు నొస్తాయి" అంటోంది. కూర్చోను. ఈ రాయి మీద కొన్ని మాటలు నిలబడే చెప్పాలి. ఆ కట్టుబాటు పెట్టింది కరుణమ్మ టీచరు. ఒకప్పుడు నేను దీని మీద నిలబడకుండా ఎలా తప్పించుకున్నానో, అదే ఇప్పుడు చెప్పబోయేది.

అప్పటికి మాది కర్నూలు జిల్లా. పాలన మద్రాసు నుంచి, పైన తెల్లదొరలు. మార్కాపురం ఊరి బయట ఆడపిల్లలకు పంతులమ్మ పని నేర్పే చోటు ఒకటి ఉండేది. కాగితాల్లో దాని పేరు ట్రైనింగు స్కూలే, మా నోళ్ళలో మాత్రం కాలేజీ. రెండు పెంకుటిళ్ళు, ఒక పొడుగాటి వసారా, ఒక చేదబావి, పాతికమంది పిల్లలు. నేను కొమరోలు పక్కన ఒక పల్లెలో పుట్టి, పలకల గనిలో పనిచేసే దేవదానాన్ని కట్టుకొని ఈ ఊరు వచ్చాను. రెండో ఏడే గనిలో రాయి జారి ఆయన కాలు విరిగింది. అతుక్కుంది గానీ, మళ్ళీ గనిలోకి దిగే కాలు కాలేదు. ఇంట్లో కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగించేవాడు. నేను కాలేజీలో వంటకు చేరాను. నా వంట పని మీదే మా ఇద్దరి కూడూ నడిచేది. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

కరుణమ్మ టీచరు గిద్దలూరు ఆడపడుచు. పెళ్ళి చేసుకోలేదు, కాలేజీయే ఆమెకు ఇల్లు. నేను చేరిన నెలకే నన్ను పిలిచి, "దీనమ్మా, మీ ఆయన పాత స్నేహితులను అడిగి ఒక పెద్ద రాయి తెప్పియ్యగలవా? పలకలకు పనికిరానిదైనా సరే" అన్నారు. ఆయన స్నేహితులు బండి మీద తెచ్చి వసారా చివర దించారు. నల్లగా, నున్నగా, మనిషి రెండు కాళ్ళూ ఎడంగా పెట్టుకొని నిలబడేంత రాయి. ఒక మూల పగిలి ఉంది, అందుకే గనిలో పక్కన పడేశారు. ప్రతి శనివారం మధ్యాహ్నం పిల్లలు సభ జరుపుకునేవారు. ఎవరు అధ్యక్షురాలో, ఎవరు పాడాలో, ఎవరు మాట్లాడాలో అంతా వాళ్ళే తేల్చుకునేవారు. టీచరు పెట్టిన నియమాలు కొన్నే. చెప్పేవాళ్ళు రాయి ఎక్కి నిలబడాలి. రాయి మీద ఎవరు నిలబడినా, దిగేదాకా అడ్డు పడకూడదు, నవ్వకూడదు. అక్కడ ఒప్పుకున్న తప్పుకు శిక్ష వేయకూడదు.

ఆ నియమాలు పిల్లలకే అనుకున్నాం. ఒక శనివారం టీచరే చెప్పులు విడిచి రాయి ఎక్కారు. "మొన్న లాంతరు చిమ్నీ పగిలిందని ఎస్తేరును అందరి ముందర తిట్టినాను. పగలగొట్టింది పిల్లి. నేను కనుక్కోకుండానే తిట్టినాను. తప్పు నాది" అని దిగి, పోయి తన చోట కూర్చున్నారు. ఎస్తేరు అంటే వెలిగండ్ల వైపు నుంచి వచ్చిన పిల్ల. పొడుగు మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆ పిల్ల ఆ రోజంతా ఏడ్చింది. తిట్టినప్పుడు మాత్రం ఒక్క చుక్క రాలలేదు.

ఇంకో వారం నేను గిన్నెలు తోముతుంటే ఎస్తేరు పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఈ శనివారం నీ వంతు. సభలో ఒప్పుకున్నారు."

"నా వంతు ఏంది? నేనేమన్నా మీ మాదిరి చదివినానా?"

"చదువు ఎవరడిగినారక్కా? పొయ్యి కాడ మాకు చెప్తావే, అట్లనే చెప్పు."

శనివారం కొంగు సర్దుకొని ఎక్కాను. మా నాయన రైలు చూడాలని కురిచేడు దాకా నడిచిపోయి, అది కూత వేయగానే తలపాగా అక్కడే పారేసి, తిరిగి చూడకుండా ఇంటికి పరుగెత్తిన సంగతి చెప్పాను. ఇంటికొచ్చి, "రైలు నన్ను చూసి అరిచింది. నాకు దానితో పనేముంది?" అని మా అమ్మతో అన్నాడని చెప్పాను. పిల్లలు నవ్వకూడదు గదా! కొందరు పైటలు నోట్లో కుక్కుకున్నారు. టీచరు పైకప్పు వైపు చూస్తున్నారు. నేను దిగి నేల మీద కాలు పెట్టానో లేదో, వసారా అంతా ఒక్కసారిగా నవ్వు. ఆ సాయంత్రం టీచరు వంటింటి గడపలో కూర్చుని, "దీనమ్మా, నీ కాడ ఉండేది నా కాడ లేదు. దాన్ని పొయ్యిలో పెట్టి కాల్చేయొద్దు" అన్నారు. అంతకు ముందు నా దగ్గర ఏదో ఉందని నాతో ఎవరూ అనలేదు. ఈనాడు మీరింతమంది నా చుట్టూ కూర్చున్నారంటే, ఆ మాట వల్లనే.

ఆ ఏడు వార్షికోత్సవానికి పిల్లలు ఒక సంగతి తలపెట్టారు. పాటలు, ఆటలు ఎప్పుడూ ఉండేవే. ఈసారి విందు వంట కూడా తామే చేస్తామని, ఏడాది పొడుగునా తమకు వండిన నన్ను, ఊడ్చే పుల్లమ్మను, కాపలా తాతను ముందు వరుసలో పెద్దలతో కలిపి కూర్చోబెట్టి వడ్డిస్తామని తీర్మానించారు. కాలేజీ వ్యవహారాలు చూసే కరస్పాండెంటు గారికి అది నచ్చలేదు. నేను మజ్జిగ తీసుకొని లోపలికి పోయినప్పుడు ఆయన టీచరుతో అంటున్నారు: "కర్నూలు నుంచి ఇన్‌స్పెక్ట్రెస్ తనిఖీకి వస్తున్నారు. చిన్నపిల్లల చేతికి వంట అప్పగిస్తే నవ్వులపాలు అవుతాం. ఈ శనివారం సభలతోనే వాళ్ళకు కొమ్ములు మొలిచినాయి."

"ఏదన్నా తేడా వస్తే పూచీ నాదండీ" అన్నారు టీచరు.

"వస్తే సభ ఉండదు. మీరు ఇక్కడ ఉండే సంగతి కూడా నేను ఆలోచించాల్సి వస్తుంది."

"సరేనండీ" అన్నారు ఆమె, నా చేతిలోని గ్లాసు అందుకుంటూ.

ఆ వారమంతా నేను పిల్లలకు పెద్దవంట నేర్పాను. కందిపప్పుకు ఉప్పు ముందే వేస్తే ఉడకదు, దించబోయే ముందు వేయాలని చెప్పాను. విందుకు వండింది వడ్డించక ముందు రుచి చూడకూడదు, ఎంగిలి అవుతుంది, చేతిలెక్క నమ్ముకోవాలని చెప్పాను. అది మా అమ్మ నేర్పిన పద్ధతి. "ఈ గుండిగకు మూడు పిడికిళ్ళు" అని ఎస్తేరు చేతిలో రాళ్ళ ఉప్పు పోసి, పిడికిలి మూయించి చూపించాను.

ఉత్సవం నాడు ఉతికిన చీర కట్టుకొని కుర్చీలో కూర్చున్నాను. జన్మలో అదే మొదటిసారి కుర్చీ. పుల్లమ్మ నా చెవిలో, "ఏందే దీనమ్మా, ముళ్ళ మీద కూచున్నట్టు కదుల్తావు?" అన్నది. కదలక ఏం చేయను? వంటింటి వైపు నుంచి ఆవిరి వాసన వస్తోంది, పొయ్యి దగ్గర ఉండవలసిన పిల్లలు పాట పాడడానికి ఇటు వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఎస్తేరు కూడా ఉంది. పప్పు ఎవరు చూస్తున్నారు? పాట మొదలయ్యేసరికి నేను మెల్లగా లేచి వెనకదారిన వంటింట్లోకి పోయాను. గుండిగలో పప్పు కుతకుతమంటోంది. గరిటెతో కొంచెం తీసి, నా నియమం నేనే తప్పి, నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు. పిల్ల మరిచిపోయింది, పరువు పోతుంది అనుకున్నాను. మూడు పిడికిళ్ళు వేసి, కలిపి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. నా పిల్లలను కాపాడానని లోపల సంతోషం కూడా. దించబోయే ముందు వేయమని నేర్పింది నేనేనన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తే రాలేదు. పాట ముగియగానే ఎస్తేరు వంటింట్లోకి పరుగెత్తింది. నేను నేర్పినట్టే మూడు పిడికిళ్ళు వేసింది. నేను నేర్పినట్టే రుచి చూడలేదు.

విస్తళ్ళు వేశారు. మొదటి ముద్ద ఇన్‌స్పెక్ట్రెస్ గారు నోట్లో పెట్టుకొని నీళ్ళ చెంబు అందుకున్నారు. కరస్పాండెంటు గారు విస్తరి ముందుకు నెట్టారు. టీచరు వైపు చూశారు. ముద్ద నా నోట్లోకి పోగానే నాకంతా తెలిసింది. ఎస్తేరు నా వెనక వంగి, "మూడు పిడికిళ్ళేనక్కా, నీ లెక్కే. ఎట్లయింది?" అని ఏడుపు గొంతుతో అడిగింది. నేను తల వంచుకొని, "ఏమో తల్లీ" అన్నాను.

తరువాతి శనివారం సభకు కరస్పాండెంటు గారు కూడా వచ్చి కూర్చున్నారు. టీచరు లేచి, "రాయి అక్కడుంది. ఎవరన్నా చెప్పేది ఉంటే చెప్పండి" అన్నారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. నా కాళ్ళకూ ఆ రాయికీ నాలుగు అడుగుల దూరం. దాని మీద ఒప్పుకుంటే శిక్ష లేదని నాకు తెలుసు. కానీ ఆ నియమం కరుణమ్మ టీచరుది, కుర్చీలో కూర్చున్న ఆయనది కాదు గదా! ఇంట్లో దేవదానం కాలు కనిపించింది. పని పోతే పొయ్యి ఎలా వెలుగుతుందని లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. నేను లెక్క వేసుకుంటుండగానే ఎస్తేరు రాయి ఎక్కింది. "ఉప్పు వేసింది నా చెయ్యే. ఎక్కువైంది నా చేతిలోనే. టీచరమ్మ తప్పేమీ లేదు" అని దిగింది. అప్పుడైనా నేను ఎక్కి ఉండవచ్చు. నా గాజు స్తంభానికి తగిలిన చప్పుడు నాకే పెద్దగా వినిపించింది.

అదే చివరి సభ. పరీక్షలు కూడా కాకముందే టీచరును ఎక్కడో దూరాన ఉన్న చిన్న బడికి పంపారు.

పోయే రోజు పెట్టె నేనే మోసుకొచ్చి బండిలో పెట్టాను. పిల్లలందరితో మాట్లాడాక ఆమె నన్ను పక్కకు పిలిచారు. "ఆ రాయి తీసి పారేస్తారంట. మీ ఇంటికి తోలుకుపో దీనమ్మా."

"నాకెందుకు టీచరమ్మా?"

ఆమె తల కొంచెం పక్కకు వంచి నన్ను చూశారు. "పాట జరిగేటప్పుడు నీ కుర్చీ ఖాళీగా ఉండింది. నేను చూసినాను. వండే చెయ్యి ఊరకుండదు, అది తప్పు కాదులే. ఆ తర్వాత ఊరకున్నావే..." అని ఆగిపోయారు.

తల వంచుకునే అడిగాను: "మరి మీరెందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే అది నా మాట అయితది. నీ మాట నువ్వే చెప్పాల."

బండి కదిలింది. మార్కాపురం రోడ్డు స్టేషను వైపు దుమ్ములో కలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ దుమ్ములోనే పరుగెత్తి, బండి ఆపి, పిల్లల ముందు చెప్పి ఉండవచ్చునని ఇంటికి వచ్చాక తోచింది. నాకు అన్నీ ఇంటికి వచ్చాకే తోచేవి.

కొన్నేళ్ళకు ఎస్తేరు వెలిగండ్ల దగ్గరి పల్లెలో పంతులమ్మ అయిందని తెలిసి, చెప్పేయాలనే పోయాను. ఒక గుమ్మడికాయ కూడా మోసుకుపోయాను. "వచ్చినావా అక్కా!" అని కావలించుకొని, అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ కలిపి తెచ్చింది. "తాగి చూడక్కా, ఉప్పు చాలిందా? నా చేతి సంగతి నీకు తెలుసు గదా" అని నవ్వింది. ఇన్నేళ్ళూ ఆ పిల్ల నిజంగానే తన చెయ్యే తప్పిందని నమ్ముకొని బతికింది. గ్లాసు ఖాళీ చేసి, "సరిగ్గా సరిపోయింది తల్లీ" అని వచ్చేశాను. మళ్ళీ పోదామనుకుంటూ ఉండగానే ఆ పిల్ల జ్వరంతో పోయిందని కబురు వచ్చింది. కరుణమ్మ టీచరు అంతకు ముందే పోయారట. చెప్పవలసిన ఇద్దరూ లేకుండా పోయారు.

అప్పుడు తోలుకొచ్చిన ఈ రాయి మీద కూర్చుని మీకు ఎన్ని కథలు చెప్పానో లెక్క లేదు. నిలబడింది ఈ రోజే. ఇప్పటికీ నా కోడలు పొయ్యి మీద ఏది పెట్టినా, "ఉప్పు వేసినావా?" అని అడగకుండా నేను గరిటె ముట్టను. చాదస్తం అని నవ్వుతుంది, నవ్వనీ. మనవరాలా, ఇది మాత్రం విడిగా, పెద్ద అక్షరాలతో రాయి: ఆ రోజు పప్పు చెడగొట్టింది దీనమ్మ. ఎస్తేరు కాదు.

ఇక దిగుతాను, చెయ్యి పట్టుకో.

మీ ఇళ్ళు చల్లగా ఉండాలి నాయనా. మీ కుండలో ఉప్పు సరిగ్గా సరిపోవాలి. మీ గడపలో ఎవరైనా భయం లేకుండా నిలబడి తన తప్పు చెప్పుకునే చోటు అరచేతి మేరైనా ఉండాలి. అక్కడ నిలబడడానికి మీ కాళ్ళు నా కాళ్ళలాగా ఆలస్యం చేయకుండా ఉండాలి.