కొమురయ్య పెండ్లాం

"ఓ కొమురయ్య పెండ్లామా, తలుపేసుకో."

"ఏసుకుంట గానీ, నువ్వు జెల్ది పో."

నేనూ మా ఆయనా చివరగా అనుకున్న మాటలు ఇవే. పొద్దుటి షిఫ్టుకని చిల్కానగర్ నుంచి నాచారం ఫ్యాక్టరీకి సైకిలెక్కి పోయాడు. మళ్ళీ రాలేదు.

పాపం, ఈమె మొగుడి పేరు కొమురయ్య కాబోలు అనుకుంటున్నారు కదా? కాదు. కొమురయ్య నిక్షేపంగా ఉన్నాడు, వాడి పెండ్లాం వాడికుంది. మరి నాకా పేరెందుకు వచ్చిందంటే, అది నా తెలివి వల్ల ఒక మనిషి దవడ నాశనమైన కథ. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు స్వరూప రాస్తోంది. ఏడిస్తే రాయనని ముందే బెదిరించింది. కాబట్టి నవ్వుతూనే చెబుతాను.

మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందట. ఇరవై ఏళ్ల కాపురంలో నేను ఒక్కసారీ పలకలేదు. ఎంత పెరిగిందో చూశారుగా. రేషన్ షాపులో ఆయన పేరడిగితే పక్కవాళ్ల మొహం చూసేదాన్ని, ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకుంటారేమోనని. అందుకే మా వాడకట్టులో పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి పెట్టినప్పుడు, అందరూ సొంత పేరు నేర్చుకోవడానికి వెళితే, నేను ఆయన పేరు కోసం వెళ్లాను. నోటితో రాని పేరు చేత్తో అయినా ఒక్కసారి రావాలి. అంతకుమించిన చదువు నాకు అక్కర్లేదు.

చదువు చెప్పే పిల్ల పేరు విమల. కొత్తగా వచ్చింది, మా ఇంట్లో ఎవరూ దానికి తెలియదు.

"మామ పేరేంది అత్తా? చెప్పు, పలక మీద రాస్త."

"ఎట్ల చెప్తనే? నోట్లకెళ్లి రాదు."

"మరి నాకెట్ల ఎర్కయితది?"

"నువ్వేం రాయకు. మా ఇంట్లనే ఉంది, నేనే సూసి నేర్చుకుంట."

ఉంది మరి! ఆయన రోజూ పట్టుకెళ్లే స్టీలు క్యారియర్ మూత మీద, దుకాణంవాడు చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు. ఎవరి గిన్నె మీద వాళ్ల పేరే ఉంటుంది. ఆయన క్యారియర్ మీద ఆయన పేరు కాక ఇంకెవరిది ఉంటుంది? మనసులో ఒక నమ్మకం ముందుగా పీట వేసుకుని కూర్చుంటే, ఆ తర్వాత కళ్ళు దానికే చాకిరీ చేస్తాయి. నాకా అక్షరాల్లో ఆయనే కనిపించేవాడు. మొదటిది ఆయన ఒంగి చెప్పులేసుకున్నట్టు, నడుమది ఆయన బొజ్జ, చివరి మెలిక ఆయన మీసం.

చదవడం రాకపోయినా, ఇరవై ఒక్క చుక్కల ముగ్గు ఒక్కసారి చూస్తే చాలు నాకు. ఆ పేరునూ ముగ్గులాగే పట్టాను. ఇక్కడ తిప్పు, ఇక్కడ దించు, ఇక్కడ వదిలెయ్. పది రోజుల్లో కళ్ళు మూసుకుని గీసేదాన్ని. విమల పలక చూసి మురిసిపోయింది.

"అబ్బ, ముత్యాల్లెక్క రాసినవ్ అత్తా! అందరికి సదివి ఇనిపియ్యనా?"

"ఒద్దొద్దు, సిగ్గు!" అంటూ పలక గుండెకు అదుముకున్నాను.

ఆ సిగ్గే కొంప ముంచింది. ఆయనకూ చెప్పలేదు. సమయం చూసి రాసి చూపిస్తే, ఆశ్చర్యంతో ఆయన నోరు తెరవాలని నా ఆశ. తీరా ఆ సమయం వచ్చేసరికి ఆయన నోరే తెరుచుకోలేదు.

పంటి నొప్పి. దవడ నూనెలో పొంగిన పూరీలా అయింది. మూడు రోజులు గంజి కూడా దిగలేదు. ఉప్పల్‌లో ఒక దవాఖానాకు తీసుకెళ్లాను. చీటీలు రాసే గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"పేరు?"

"ఊఁ... ఉమ్..." అన్నాడు మా ఆయన.

"మాట రాదా? నువ్వన్న చెప్పమ్మా."

"ఆ కాయితం ఇటియ్యి సారూ. నేను రాస్త."

మా ఆయన నావైపు చూసిన చూపు! పెళ్లిపీటల మీద కూడా అలా చూడలేదు. రాసిచ్చాను. గుమాస్తా దాన్ని కట్టలో పెట్టాడు. మేం బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి లోపలి నుంచి కేక.

"కొమురయ్యా!"

ఎవరూ లేవలేదు. మళ్ళీ కేక. ఫ్యాక్టరీలో మా ఆయన పక్క మిషను మీద పనిచేసేవాడి పేరు కూడా అదే. అంత నొప్పిలోనూ ఆయన అటూ ఇటూ చూసి, "మనోడే... ఏడి?" అని మూలిగాడు.

నాకు ఒళ్లు మండింది. "ఎవడయ్యా ఆ కొమురయ్య? పిలుస్తుంటే పలకడేంది? చెవుల్ల దూది పెట్టుకున్నడా?"

"కొందరికి బుద్ధుండది బిడ్డా," అంది పక్కన కూర్చున్న ముసలమ్మ.

"వాణ్ని గాదు, వాని పెండ్లాన్ని అనాలె! ఏం సోయి లేకుంట తెచ్చిందో!"

మూడుసార్లు పిలిచారు. ఆ చీటీని అడుగుకు తోసేశారు. అందరూ లోపలికి వెళ్లొచ్చారు, మేం తప్ప. ఒంటిగంటకు తలుపులు మూస్తుంటే నేను గుమాస్తా మీద పడ్డాను.

"సారూ, మా చీటీ ఏమాయె?"

"అందరియి అయిపోయినయమ్మా. ఇగో, గీ కొమురయ్యదొక్కటే మిగిలింది."

"అది మాది గాదు."

"నువ్వే గదమ్మా రాసిస్తివి! ముగ్గేసినట్టు రాస్తివి, నాకు యాదున్నది."

మా ఆయన చీటీ అందుకుని చూశాడు. నన్ను చూశాడు. నవ్వొచ్చింది. నవ్వితే దవడ ప్రాణం తీస్తోంది. గోడ పట్టుకుని కింద కూలబడి, కళ్ళలో నీళ్లు కారుతుంటే నవ్వాడు. పది రోజులు గీసి గీసి చేతికి నేర్పాను గానీ, అదే పేరును మూడుసార్లు పిలిచినా నా చెవి గుర్తుపట్టలేదు.

మర్నాడు ఆదివారం, దవాఖానా బంద్. ఆ ఎర్రటి ఎండలోనే ఇంటికి నడిచొచ్చి, రెండు రాత్రులు గోడకు తల ఆనించుకుని గడిపాడు. సోమవారం వెళితే, ఒక పన్నుతో పోయేదానికి రెండు పీకారు. నోరు తెరిచాక అడిగాను.

"ఆ మూత మీద వాని పేరెందుకుంది?"

"క్యాంటీన్ల మారింది. ఏడేండ్లాయె."

"ఎర్కుండి చెప్పవా?"

"లోపల అన్నం నీదే గదనే. మూత ఎవనిదైతేంది?"

ఆ రోజు నుంచి నేను కొమురయ్య పెండ్లాన్ని. ఆ రోషంతో బడి మానేశాను. "తే, నా పేరు నేనే రాసిస్త" అని ఆయన బతిమిలాడినా పలక ఇవ్వలేదు. దవాఖానాలో చేసిన తప్పుకు నవ్వుకుంటాను. ఈ తప్పుకు నవ్వు రాదు.

చివరి రోజున ఫ్యాక్టరీ మనిషి గుమ్మంలో నిలబడి, ఆయన పేరు చెప్పి, "ఇల్లు ఇదేనా అమ్మా?" అన్నాడు. తలూపాను. కొమురయ్య అని ఉంటే, మాది గాదని తలుపేసుకునేదాన్ని. అయ్యో, కొమురయ్య నూరేళ్లు బతకాలి. పాడె మోసినవాళ్లలో వాడే ముందున్నాడు.

అందరి ముందూ ఒట్టేస్తున్నాను. ఇక ఈ జన్మలో గిన్నె మూతల్నీ, నా సొంత బుర్రనూ నమ్మి మొగుడి పేరు నేర్చుకోను. ఇంకో మొగుడు లేడు గనుక ఒట్టు తప్పుతానన్న ఫికర్ మీకక్కర్లేదు.

స్వరూపా, మొన్న నువ్వు పలక మీద ఆయన పేరు రాసిచ్చావు కదా. నిన్ను నమ్మక కాదు గానీ, దాన్ని కిరాణా సేటుకు చూపించాను, పోస్టుమ్యాన్‌కు చూపించాను, కొమురయ్యకూ చూపించాను. ముగ్గురూ ఒకే పేరు చదివారు. కానీ వాళ్లు చదివింది నీ రాత. నా రాతలో ఆయన పేరు ఇంకా ఎవరూ చదవలేదు. కలం ఇటివ్వు.

నర్సింహులు

ఇప్పుడు చదువు బిడ్డా. పైనుంచి తర్వాత చదువుదువు గానీ, ముందు ఇది చదువు. గట్టిగా.