కొత్తకాయ పప్పు

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర ఒకే రంగు టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు ఇరవైమంది వరసగా నిలబడి ఉన్నారు. ముందున్నాయన ఈల ఊదుతున్నాడు. గిరిజన యువతకు నగరం చూపించే సర్కారు యాత్ర అని టోపీల మీదే రాసి ఉంది. కూరగాయల సంచితో పక్కకు తప్పుకున్నాను. ఏమీ అనిపించలేదు. అదే వింతగా తోచింది, ఎందుకంటే ఐదేళ్ల కిందట అలాంటి జట్టొకటి నా హాస్టల్లోనే వారంపాటు దిగింది.

నాది కోచింగ్ పిల్లలుండే లేడీస్ హాస్టల్. గుంటూరు వైపు నుంచి వచ్చి పాతికేళ్లయినా నా వంట మీద గర్వం మాత్రం తగ్గలేదు. పప్పు బాగాలేదన్న పిల్ల మర్నాడు గది ఖాళీ చేయాల్సిందేనని నా వెనక నవ్వుకునేవారు. ఆ యాత్రకొచ్చినవాళ్లు గోదావరి ఒడ్డు అడవి పల్లెల కోయ అమ్మాయిలు. పగలంతా పంజాగుట్ట మాల్‌లో వాళ్లను ఎస్కలేటర్ ఎక్కించి దింపేవారు. ఎక్కడం నేర్పితే అందరిలో కలిసిపోతారని కాబోలు. చివరి రోజు నగరం పిల్లలతో బంతి భోజనం, ఆ ఫోటో పైకి పంపాలి. నేను ఆ ఏటి తొలి మామిడికాయలు తెచ్చి పప్పు చేశాను. వాళ్లు కూర తిన్నారు, చారు పోసుకున్నారు, పప్పు మాత్రం ముట్టలేదు. వాళ్లను తెచ్చిన సారు నా దగ్గరకొచ్చి, "జర మీరు చెప్పుండ్రమ్మా, ఫోటోల మంచిగుండదు" అన్నాడు. నాకూ పౌరుషం వచ్చింది. బంతి చివర కూర్చున్న అమ్మాయికి నేనే ముద్ద కలిపి నోట్లో పెట్టాను. కెమెరా మెరిసింది. ఆమె నమిలి మింగింది.

చేతులు కడుక్కునే చోట ఆ అమ్మాయి చాలాసేపు నోరు పుక్కిలించింది. ఉప్పెక్కువైందా అని అడిగాను.

"మా ఊళ్లె మామిడి పండుగ ఇంక కాలేదమ్మా. దేవతకు పెట్టెదాక కొత్తకాయ తినొద్దు. తిన్నోళ్లు పండుగనాడు ఊరి బయటుండాలె. ఈ ఏడు కాయలు మోసే వంతు మా ఇంటిదే. అమ్మ, నేను మోయాలె."

ముందే చెప్పొచ్చు కదమ్మా అన్నాను.

"పెట్టింది కాదనొద్దన్నడు సారు."

సిగ్గేసింది. సిగ్గుపడి ఊరుకున్నా బాగుండేది. "ఎవరికీ చెప్పకు, ఎలా తెలుస్తుందిలే" అని సలహా కూడా ఇచ్చాను. ఆమె నా వంక చూసి తలూపింది.

ఫోటో చాలా బాగా వచ్చిందట. దాన్ని పెద్దది చేయించి, సరిగ్గా పండుగ ముందు రోజు ఆ ఊరి బడి గోడకే తగిలించారు. ఆ సంగతి తర్వాత సారే ఫోన్లో చెప్పాడు. "గా పిల్లను పండుగకు రానియ్యలేదంటమ్మా. అది ఒక్కనాటి ముచ్చటే. తిన్నందుకు కాదు, దాచినందుకు తల్లి మాట్లాడుతలేదంట." ఏడుపు రాలేదు. ఫోన్ పెట్టేసి, సాయంత్రం చపాతీలకు పిండి తడిపాను.

ఆ తర్వాత ఐదు మామిడి పండుగలు అయిపోయాయి. తల్లీకూతుళ్లు మళ్లీ మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఒక్క ఫోన్ చాలు, ఆ ఒక్క ఫోనుకు ఇన్నేళ్లలో నాకు తీరిక దొరకలేదు.