నాయన తుపాకీకి నా తెల్ల పూస

ఈ రోజు ఈ ఎడారి దేశంలో, ఉమ్ సలాల్ తోటలో వంట డ్యూటీకి వెళ్ళేసరికి మా యజమాని వరండాలో కూర్చుని పాత తుపాకీ గొట్టానికి నూనె పట్టిస్తున్నాడు. ఆ వాసన తగలగానే మా ఇల్లు గుర్తొచ్చింది. అడవి అంచు ఊళ్ళలో పెరిగిన నా ఈడు వాళ్ళకు గుర్తుందా, దూలానికి వేలాడే ఒంటి గొట్టం తుపాకీ, పక్కనే గుడ్డసంచిలో తూటాలు?

మా నాయనది సన్న గొట్టం. ఒక్కసారికి ఒక్క తూటాయే పట్టేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఓ మధ్యాహ్నం దాన్ని కిందికి దించాడు. గురి చూసే చిన్న బొడిపె ఊడిపోయిందని నా మెడలోని దండ నుంచి ఒక తెల్ల పూస అడిగి, గొట్టం చివర లక్కతో అతికించాడు. పుట్టమీద పాత కాగితం పెట్టి పేల్చి, తూటాలోని సీసపు రవ్వలు ఎంత మేర పడ్డాయో నా జానతోనే కొలిపించాడు.

"బిడ్డా, రోజూ సూస్తున్ననని నువ్వు చెప్పిన జింక యాడికొస్తదో జర సూపియ్యవా?"

"కొడ్తవా నాయనా?"

"లేదు బిడ్డా, నీ మీదొట్టు. చేన్ల పడకుంట బెదిరిస్త, గంతే."

అది నేనెవరికీ చెప్పని చోటు. వాగు పక్కన ఇప్పపూలు ఏరుతుంటే ఆ జింక నాకు పదడుగుల దూరంలోనే మేసేది. మర్నాడు పొద్దున్నే నాయనను అక్కడికి తీసుకెళ్ళాను. నేనున్నానని అది పారిపోలేదు. నాయన పేల్చాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ కూర వండింది. "తిను బిడ్డా" అంటూ నాయన నా పళ్ళెంలో పెద్ద ముక్క వేశాడు. ఆయన ముఖంలో తప్పు చేసిన జాడే లేదు.

ఆ తర్వాత అడవిలో ఏం చూసినా నేను ఆయనకు చెప్పలేదు.